సుత్తి కంటే ముందు టేపు

గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో ఫ్లాటు తీసుకుని కొన్నేళ్లు గడిచాక వంటింటి మరమ్మతు మాట మొదలైతే, ముందుగా చర్చకొచ్చేది హాలుకీ వంటింటికీ నడుమ ఉన్న గోడ. దాన్ని తీసేస్తే ఇల్లు విశాలమవుతుందని ఆశ. ఉద్యోగాల కోసం ఢిల్లీ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇదే మాట. ఇరుకు ఉన్న మాట నిజమే. కానీ ఆ ఇరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో ఉదయం ఎనిమిది గంటలకు చూస్తే తెలుస్తుంది. లోపల చోటు లేక ఫ్రిజ్ డైనింగ్‌లోకి చేరింది. లోపలికి తెరుచుకునే తలుపు పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల మోచేతికి తగులుతుంది. యుటిలిటీ బాల్కనీలో అంట్లు తోమే మనిషి వెళ్లాలంటే డైనింగ్ కుర్చీ జరపాలి, క్యారేజీ కడుతున్నవాళ్లు పక్కకు తప్పుకోవాలి. వీటిలో గోడ చేసిన తప్పు ఒక్కటీ లేదు. నడక సాఫీగా సాగడానికి కావలసింది వస్తువుల వరస. ఆ వరస కుదిరాక చాలా ఇళ్లలో గోడ జోలికి పోవలసిన అవసరమే రాదు.

చిన్న వంటగదిలో వరసతో ఎంత సాధించవచ్చో వందేళ్ల కిందటే రుజువైంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవున్న వంటగదిని రూపొందించారు. రైలు భోజన పెట్టెల్లోని వంటగదులు ఆమెకు ఆదర్శం. ఏ పని తరవాత ఏ పని వస్తుందో చూసి, సామాను ఆ వరసలో అమర్చారు. భోజనాల గదిలోకి జరిపే తలుపు పెట్టారు. ఆ నమూనాలో దాదాపు పదివేల వంటగదులు కట్టారు. తరవాత 1940లలో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం ఫ్రిజ్, సింకు, పొయ్యి అనే మూడింటి మధ్య దూరాలకు ఒక లెక్క చెప్పింది: ఒక్కొక్కటి నాలుగు నుంచి తొమ్మిది అడుగులు, మూడూ కలిపి ఇరవై ఆరు అడుగులు దాటకూడదు, ఆ దారికి అడ్డంగా మరెవరూ నడవకూడదు. ఈ చివరి షరతే మన ఫ్లాట్లలో ఎక్కువగా తప్పుతోంది.

దీన్ని మన వంటకు అన్వయించుకోవాలి. మన వంటింట్లో ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా, వెట్ గ్రైండర్, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీలు, నీళ్లు వడకట్టే ఆర్వో ఉంటాయి. రెడీమేడ్ మాడ్యులర్ నమూనాలు వీటిని లెక్కలోకి తీసుకోవడం తక్కువ. బియ్యం సింకు పక్కన, కింది అరలో చక్రాల డబ్బాలో ఉంటే కొలిచినచోటే కడగవచ్చు. సింకుకూ పొయ్యికీ మధ్య కనీసం రెండడుగుల గట్టు ఖాళీగా ఉంటే కూరలు తరగడానికి డైనింగ్ బల్లదాకా పోనక్కర్లేదు. పోపు డబ్బా పొయ్యి పక్క సొరుగులో, తిరగమోత వేస్తూ చెయ్యి చాపితే అందాలి. గ్రైండర్‌ను రోజూ ఎత్తి దించకుండా దానికి ప్లగ్గుతో శాశ్వతంగా ఒక మూల కేటాయించాలి. ఫ్రిజ్ గుమ్మం పక్కకు వస్తే పిల్లలు మంచినీళ్ల కోసం పొయ్యి దాకా రారు. తలుపును జరిపే తలుపుగా మార్చి, డైనింగ్ బల్లను ఒకవైపు గోడకు ఆనిస్తే బాల్కనీకి మూడడుగుల దారి తేలుతుంది. గట్టు ఎత్తు కూడా వండే మనిషి మోచేతికి నాలుగైదు అంగుళాల కిందికి ఉండాలి.

గోడ విషయంలో జాగ్రత్తకు కారణాలు గట్టివే. కొన్ని టవర్లలో అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడల్నీ శ్లాబునీ కలిపి కడతారు. అక్కడ పలచగా కనిపించే గోడ కూడా బరువు మోసేదే కావచ్చు. ఈ టవర్లు లేచేనాటి భూకంప మ్యాపులో ఢిల్లీ పరిసరాలు నాలుగో జోన్‌లో ఉన్నాయి. వైర్ల కోసం అలాంటి గోడకు అడ్డంగా గాడి కొట్టినా లోపలి ఇనుము బయటపడవచ్చు. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైసో అపార్ట్‌మెంట్లలో ఆరో అంతస్తు ఫ్లాటులో మరమ్మతులు జరుగుతుండగా శ్లాబు కూలి, కింది అంతస్తుల్లోనూ నష్టం జరిగి ఇద్దరు మరణించారు. అసలు లోపం కాంక్రీటులోనే ఉందని ఐఐటీ ఢిల్లీ పరిశీలనలో తేలింది. అంటే మన శ్లాబు లోపల ఏముందో పైపైన చూసి చెప్పలేం. ఉత్తరప్రదేశ్ 2010 అపార్ట్‌మెంట్ చట్టం కూడా భవన భద్రతకు ముప్పు తెచ్చే పనుల్ని నిషేధిస్తోంది. సింకును మరో మూలకు మార్చాలన్నా చిక్కే: మురుగు పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు కావాలి, పదడుగులకు రెండున్నర అంగుళాలు. అంత నేల ఎత్తితే వంటింట్లో మెట్టు తయారవుతుంది.

ఓపెన్ కిచెన్ కోరేవాళ్ల వాదనలో న్యాయం ఉంది. మూసేసిన గదిలో ఒక్క మనిషే, ఎక్కువగా ఆడమనిషే, ఇంటి మాటలకు దూరంగా చాకిరీ చేస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది మీద కూడా ఇదే విమర్శ వచ్చింది, ఒకరికే చోటుందని. కానీ ఆ ఒంటరితనం గోడ తీసినంత మాత్రాన పోదు. ఇద్దరు పక్కపక్కన నిలబడేంత గట్టు, మరొకరు పని అందుకునే ఏర్పాటు ఉంటేనే పోతుంది. పైగా మన వేపుళ్ల నూనె ఆవిరి సోఫాలకూ కర్టెన్లకూ పడుతుంది. మే నెల వడగాడ్పుల్లో చిమ్నీ బయటికి నెట్టే గాలి ఏసీ చల్లదనాన్ని కూడా తీసుకుపోతుంది. గోడ ఇటుకదని ఇంజనీరు ధ్రువీకరిస్తే, పైన లింటెల్ వేయించి వడ్డన కిటికీ తెరిస్తే మాటలూ గిన్నెలూ రెండూ అటూ ఇటూ వస్తాయి. వాస్తుతోనూ పేచీ లేదు. ఆగ్నేయంలోని పొయ్యిని అక్కడే ఉంచి మిగతావి దాని చుట్టూ సర్దుకోవచ్చు. గ్యాసు పైపు కదపనక్కర్లేదు కాబట్టి పని, ఖర్చు కూడా తగ్గుతాయి.

ఇలాంటి మార్పులకు దుమ్ము తక్కువ. ఢిల్లీ పరిసరాల్లో ఇదీ చిన్న లాభం కాదు. గాలి బాగా చెడ్డ చలికాలంలో దుమ్ము లేపే నిర్మాణ, కూల్చివేత పనులపై వాయు కాలుష్యాన్ని అదుపు చేసే ‘గ్రాప్’ ప్రణాళిక కింద ఆంక్షలు వస్తాయి. దీపావళికి గోడ పగలగొట్టినవాళ్లు సంక్రాంతి దాకా శిథిలాల మధ్య వండుకోవలసి రావచ్చు. కాబట్టి కాంట్రాక్టరును పిలిచే ముందు ఓ వారం పాటు ఫ్రిజ్, బల్ల, డబ్బాలు జరిపి వండి చూడాలి, దూరాలు టేపుతో కొలవాలి. కుదిరిన వరసకు చెక్కపని చేయించుకోవాలి. అప్పటికీ ఇరుకు తగ్గకపోతే, స్ట్రక్చరల్ డ్రాయింగ్ తెప్పించి ఇంజనీరు ముందు పెట్టి, అప్పుడు గోడ సంగతి అడగాలి.