ఒకే కుండీలో రెండు ఆర్కిడ్లు ఇముడుతాయా?

కడియం: గృహప్రవేశాలకు, పెళ్లిరోజులకు పూలగుత్తికి బదులు పూసిన ఆర్కిడ్ కుండీని కానుకగా ఇచ్చే అలవాటు నగరాల నుంచి చిన్న పట్టణాలకూ పాకింది. వాటిలోనూ ఒకే పింగాణీ కుండీలో తెలుపు, ఊదా, పసుపు రంగుల మొక్కలను మూడు నాలుగు కలిపి అమర్చినవి చూపరులను ఇట్టే ఆకట్టుకొంటాయి. ధర కూడా అందుకు తగినట్లే ఉంటుంది. అయితే ఇంటికి చేరిన కొద్ది నెలలకే వాటిలో ఒకటి కుళ్లి, మరొకటి ఎండి, చివరకు ఒక్కటే మిగలడమో, అదీ మిగలకపోవడమో జరుగుతుంటుంది. మొక్క నాసిరకమని అమ్మినవారిని నిందించేవారు కొందరైతే, తమ చేతి చలవ ఇంతేనని సరిపెట్టుకొనేవారు మరికొందరు. చాలా సందర్భాల్లో లోపం చేతిలో కాదు, పొత్తులో ఉంటుంది.

కుండీల్లో పెంచే ఆర్కిడ్లలో అధికభాగం చెట్లను పట్టుకొని బతికే జాతులే. చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనడం పల్లెల్లో పరిపాటి. అసలైన బదనిక చెట్టు రసాన్ని పీల్చి బతుకుతుంది. ఆర్కిడ్ అలా కాదు. దానికి చెట్టు నిలువ నీడే తప్ప అన్నదాత కాదు. వాన నీటిలో, కొమ్మ పగుళ్లలో చేరిన ఆకుల చెత్తలో లభించే కొద్దిపాటి పోషకాలతోనే అది కాలం వెళ్లదీస్తుంది. దాని వేళ్ల చుట్టూ స్పంజి వంటి పొర ఉంటుంది. దీనిని వెలమెన్ అంటారు. ఆరినప్పుడు వెండి రంగులో కనిపించే ఈ పొర నీరు తగిలిన కొద్దిసేపటికే పచ్చబడుతుంది. ఈ వేరుకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. అందుచేత వీటిని మట్టిలో నాటరాదు. బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కల ముక్కలే వీటికి నేల. కోనసీమలో డొక్కలకు కొదవ లేదు గానీ, వాటిని కొన్నాళ్లు నీటిలో నానబెట్టి, ఆ నీటిని పలుమార్లు మార్చి, ఉప్పు, వగరు పోయిన తరువాతే వాడాలి.

అడవిలో లేని తగవు

మన్యం అడవుల్లో ఒకే చెట్టుపై రెండు మూడు రకాల ఆర్కిడ్లు కనిపించడం అరుదేమీ కాదు. అక్కడ కలిసి బతికేవి కుండీలో ఎందుకు కలిసి బతకవన్న సందేహం సహజం. చెట్టును జాగ్రత్తగా గమనిస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. ఎండను ఓర్చుకొనేవి పైకొమ్మలను ఆశ్రయిస్తాయి. నీడ కోరేవి కింది మానుపై, నాచు పట్టిన చోట ఉంటాయి. వాన అందరికీ ఒక్కటే అయినా, పైకొమ్మ గంటలో ఆరిపోతుంది, కింది మాను మరునాటి వరకూ తడిగానే ఉంటుంది. అంటే చెట్టు ఒక్కటే గానీ కాపురాలు వేరు. కుండీలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ నీరు ఒక్కటే, ఎండ ఒక్కటే, ఆరే కాలమూ ఒక్కటే.

అడవిలోని ఆ అందం చూసి మొక్కలను కొమ్మతో సహా విరిచి తెచ్చి ఇంట పెంచాలనుకోవడం తగదు. రిజర్వు అడవి నుంచి మొక్కలను తీసుకురావడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం కింద నియంత్రణలో ఉన్నది. చట్టం మాట అటుంచినా, కొమ్మకు అల్లుకొన్న వేళ్లు ఊడదీసేటప్పుడు తెగిపోతాయి. అలా తెచ్చిన మొక్క బతకడమే గగనం.

ఎవరి దాహం వారిది

బజారులో విరివిగా దొరికే రకాల్లో ఫెలనాప్సిస్ ఒకటి. సీతాకోకచిలుక రెక్కల వంటి పూలు దీని ప్రత్యేకత. దీనికి నీటిని దాచుకొనే దుంప గానీ, కాండం గానీ లేవు. మందపాటి ఆకులు, వేళ్లే ఆధారం. కనుక వేరు పూర్తిగా ఎండిపోరాదు. అలాగని మొవ్వులో నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. నేరుగా ఎండ తగిలితే ఆకులు మాడతాయి. డెండ్రోబియం తీరు వేరు. చిన్నపాటి చెరకు గడల వంటి దాని కాండాల్లో నీరు నిల్వ ఉంటుంది. ఒక తడికీ మరో తడికీ నడుమ ఆరనివ్వాలి. వెలుతురూ ఎక్కువే కావాలి. అందులోనే నోబిలే రకం ఉంది. చలికాలంలో నీరు బాగా తగ్గించి, చల్లగా ఉంచితేనే ఇది మొగ్గ తొడుగుతుంది. అప్పుడూ నీరు పోస్తూనే ఉంటే పూలకు బదులు గడల కణుపుల వద్ద పిల్ల మొక్కలు వస్తాయి. ఇక వాండా వేళ్లు గాలిలో వేలాడవలసినవే. ఏ మిశ్రమమూ లేకుండా చెక్క బుట్టలో వేలాడదీసి, వేసవిలో రోజూ తడపాలి.

వీటిలో ఏ రెండింటిని ఒక కుండీలో పెట్టినా ఒకదానికి అతివృష్టి, మరొకదానికి అనావృష్టి తప్పదు. వాండా కోసం రోజూ నీరు చల్లితే ఫెలనాప్సిస్ మొవ్వు కుళ్లుతుంది. నోబిలే కోసం నీరు ఆపితే పక్కనున్నది వాడిపోతుంది. సింబీడియం సంగతి మరీ విడ్డూరం. సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో విరగబూసే ఈ మొక్కకు పూత రావాలంటే చల్లని రాత్రులు కావాలి. గోదావరి తీరాన ఆకులు ఏపుగా పెరుగుతాయే తప్ప పూలు కనబడవు. దాన్ని తక్కినవాటితో కలిపి ఇచ్చేది కేవలం కంటికి ఇంపు కోసమే.

పొత్తులో మరో ప్రమాదమూ పొంచి ఉన్నది. ఆర్కిడ్లను పీడించే వైరస్‌లలో సింబీడియం మొజాయిక్, ఓడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ అనేవి ప్రధానమైనవి. వీటికి మందు లేదు. సోకిన మొక్క రసం అంటిన కత్తితో మరొకదాన్ని కోస్తే చాలు, తెగులు అంటుకొంటుంది. ఒకే కుండీలో వేళ్లు పెనవేసుకొని, ఒకదాని నుంచి కారిన నీరే మరొకదానికి అందుతున్నప్పుడు ముప్పు మరింత పెరుగుతుంది. కాడ కోసే ముందు బ్లేడును మంటలో కాల్చడమో, మొక్కకో కొత్త బ్లేడు వాడటమో మేలు.

కుదిరే పొత్తులు

అన్ని పొత్తులూ చెడ్డవి కావు. ఒకే రకం, ఒకే వయసు గల మొక్కలను కలిపి నాటితే ఇబ్బంది ఉండదు. ఒకే డెండ్రోబియం దుబ్బును మూడు నాలుగు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు కనీసం మూడు గడలు ఉండేలా చూసి, ఒకే కుండీలో నాటితే రెండు మూడేళ్లకు కుండీ నిండుగా పూస్తుంది. ఇక్కడ ఒక మెలకువ ఉంది. డెండ్రోబియం, కాట్లియా వంటివి ఒకవైపుగా పాకుతూ పెరుగుతాయి. పాత గడల వైపు కుండీ మధ్యకు, కొత్త చిగురు వైపు అంచుకు వచ్చేలా నాటాలి. తారుమారైతే చిగుళ్లన్నీ నడిమధ్యన చేరి ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. కుండీ మరీ పెద్దదైతే మధ్యభాగం ఆరదు. అక్కడే కుళ్లు మొదలవుతుంది.

ఆర్కిడ్ జీవితంలో కలిసి ఉండటమే శ్రేయస్కరమైన దశ ఒకటి ఉన్నది. అది పసితనం. ఒక కాయలో వేల నుంచి లక్షల సంఖ్యలో గింజలు ఉంటాయి. ధూళి వంటి ఆ గింజలో మొలకకు కావలసిన ఆహారపు నిల్వ ఉండదు. ఒక రకం శిలీంధ్రం తోడుంటేనే ప్రకృతిలో అది మొలకెత్తుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్డ్ 1899లో కనుగొన్నారు. 1922లో అమెరికాకు చెందిన లూయిస్ నడ్సన్ చక్కెర, లవణాలు కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే గింజలను మొలిపించే పద్ధతిని వెల్లడించారు. నేటికీ ప్రయోగశాలల్లో గాజు సీసాల్లో మొలకలను పెంచేది ఆ బాటలోనే. సీసా నుంచి తీసిన వేలెడంత మొక్కలను ఇరవై ముప్పై చొప్పున ఒకే కుండీలో నాటుతారు. నర్సరీ భాషలో దీన్ని కమ్యూనిటీ పాట్ అంటారు. సీసాలోని తేమకు అలవాటుపడిన పసిమొక్క ఒంటరిగా చిన్న కుండీలో ఉంటే కొద్ది గంటల్లోనే వడలిపోతుంది. గుంపుగా ఉన్నప్పుడు తేమ నిలుస్తుంది. అయితే ఒక మొక్కకు కుళ్లు సోకితే మొత్తం కుండీకి పాకే అవకాశమూ ఉంటుంది. ఒకటి నల్లబడినట్లు కనిపించగానే తీసివేయాలి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఆకులు ఒకదానిపై ఒకటి వాలుతున్న దశలో వేటికవి విడదీస్తారు. అప్పటికీ మొదటి పువ్వు చూడటానికి కొన్నేళ్ల ఓపిక కావలసిందే.

కానుక కుండీని ఏం చేయాలి?

మిశ్రమ కుండీ ఇంటికి వచ్చినప్పుడు ముందుగా పైన కప్పిన నాచును పక్కకు తొలగించి చూడాలి. చాలావాటిలో మొక్కలు కలిపి నాటి ఉండవు. ఎవరి ప్లాస్టిక్ కుండీలో అవే ఉండగా, పెద్ద కుండీలో పక్కపక్కన అమర్చి పైన నాచు పరుస్తారు. అలాగైతే తగవే లేదు. ఒక్కోదాన్ని బయటకు తీసి దాని అవసరం మేరకు తడిపి, నీరు ఓడిన తరువాత తిరిగి అమర్చుకోవచ్చు. పింగాణీ కుండీకి అడుగున రంధ్రం లేకపోతే మాత్రం అందులో నీరు పోయనే కూడదు.

వేళ్లు కలిసిపోయేలా నాటి ఉంటే పూలు రాలేవరకు ఆగాలి. తరువాత వేళ్లను కాసేపు నీటిలో నానబెడితే మెత్తబడి, తెగకుండా విడివడతాయి. మెత్తగా, గోధుమ రంగులో ఉన్న చచ్చిన వేళ్లను కత్తిరించి, గట్టిగా ఉన్నవాటిని ఉంచాలి. వేళ్ల కొసలు కొత్తగా పచ్చబడుతున్న సమయం ఇందుకు అనుకూలం. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం విడదీయరాదు. తొలకరి పడి గాలిలో తేమ పెరిగిన తరువాత విడదీసి, వేర్వేరు కుండీల్లో నాటి, రెండు వారాలు నీడలో ఉంచి, నీరు తగుమాత్రంగా ఇవ్వాలి. నీటిలో కరిగే ఎరువును కొత్త వేరు కనిపించిన తరువాతే, లీటరు నీటికి గ్రాముకు మించకుండా వాడాలి.