హిమసంపాతములు ఎట్లు కలుగును?

మన ప్రాంతములో మంచు అనగా తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలుచు బిందువులు, దారిని మరుగుపరచు పొగమంచు మాత్రమే. హిమాలయములలో అట్లు కాదు. అచ్చట శీతకాలమున ఆకాశమునుండి రాలు మంచు కొండవాలులపై మీటర్ల మందమున పేరుకొనును. ఆ రాశి ఒక్కపెట్టున విడివడి క్రిందికి దూకుటయే హిమసంపాతము. చేత పట్టినచో దూదివలె నుండు మంచు ఇంతటి ఉపద్రవము నెట్లు కలిగించును?

పొరల నిర్మాణము

మంచు కురిసినప్పుడెల్ల ఒక క్రొత్త పొర ఏర్పడును. ఈ పొరలన్నియు ఒకే గట్టిదనము గలవి కావు. నేలనంటిన మంచు ఉష్ణోగ్రత సుమారు 0 డిగ్రీలుండును. ఉపరితలమో, మబ్బులేని రాత్రులందు వేడిని వికిరణము చేసి మిక్కిలి చల్లబడును. మీటరు మందమునకు ఈ భేదము సుమారు 10 డిగ్రీలను మించినచో, అడుగు రేణువులనుండి వెలువడిన నీటియావిరి పైకి ప్రాకి, చల్లని రేణువులపై ఘనీభవించును. ఇట్లు పెరిగిన స్ఫటికములు పంచదార పలుకులవలె విడివిడిగా నుండి, ఒకదానినొకటి అంటుకొనవు. ఈ బలహీనపు పొరపై తరువాత కురిసిన మంచును గాలి దట్టించినచో, అది గట్టి పలకగా బిగియును. క్రింద బలహీనపు పొర, పైన బరువైన పలక: అపాయమంతయు ఇందే యున్నది.

వాలు ఎంత యుండవలెను?

ఇట్టి పలకలు సాధారణముగా 30 నుండి 45 డిగ్రీల వాలుపై జారును. అంతకు తక్కువైన వాలుపై క్రిందికి లాగు బలము చాలదు. మరీ నిటారైన వాలుపై మంచు ఎప్పటికప్పుడు రాలిపోవుటచే ఎక్కువగా నిలువదు. ఒక చదరపు మీటరుపై 200 కిలోగ్రాముల మంచు ఉన్నదనుకొందము. 38 డిగ్రీల సైను విలువ సుమారు 0.62. కావున ఆ బరువులో సుమారు 123 కిలోగ్రాముల భారము వాలువెంట క్రిందికి లాగుచుండును. దానిని నిలిపియుంచునది రేణువుల మధ్యనున్న అతుకు, రాపిడి మాత్రమే.

కదిలించునవి ఏవి?

ఎడతెగక కురియు క్రొత్త మంచు బరువును పెంచును. గాలి శిఖరమునకు ఒకవైపున నున్న మంచును ఎత్తి రెండవవైపున పోయును. ఎండ, వాన వలన నీరు లోనికి ఇంకి అతుకులను సడలించును. వాలుపై నడచు ఒక్క మనిషి బరువు కూడ చాలును. అతని పాదముల క్రింద బలహీనపు పొర కుప్పకూలగానే, ఆ చీలిక పలక అడుగున క్షణములలో వ్యాపించి, పలకనంతను విడదీయును. మంచులో చిక్కుకొన్నవారు పెక్కుమారులు తామే దానిని కదిలించినవారై యుందురు. కేక వేసినంతనే హిమసంపాతము కలుగునను మాట మాత్రము నిజము కాదు. మనిషి గొంతునుండి వెలువడు ధ్వనిపీడనము అందులకు ఎంతమాత్రము చాలదు.

హిమానీనదపు మంచుగడ్డ విరిగిపడుట వేరొక విధము. 2016 ఫిబ్రవరి 3న సియాచెన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున నున్న సైనిక స్థావరముపై ఇట్టి మంచుగోడ కూలి, 10 మంది జవానులు అసువులు బాసిరి. వారిలో ఒకరు కర్నూలు జిల్లావారు.

రక్షణోపాయములు

మంచులో పూడినవారిని మొదటి 10 నిమిషములలో వెలికితీసినచో చాలమంది బ్రతుకుదురు. ఆపైన గాలి చాలక ఆశ త్వరితముగా సన్నగిల్లును. కావున ముందుజాగ్రత్తయే ముఖ్యము. 1969లో మనాలిలో నెలకొల్పబడిన హిమ, హిమసంపాత అధ్యయన సంస్థ 2020లో మరియొక ప్రయోగశాలతో విలీనమైనది. అట్లేర్పడిన రక్షణ పరిశోధన సంస్థ నేడు హిమాలయ ప్రాంతములకు హెచ్చరికలను ప్రకటించుచున్నది. కొన్నిచోట్ల దారులను మూసి, ప్రేలుడు పదార్థములతో మంచును ముందే జారవిడుతురు.

తరగతిలో ఒక ప్రయోగము

ఒక పలకపై గరుకు గుడ్డను బిగించి, దానిపై గోధుమపిండిని పరచి అదుముడు. పలకను ఒకవైపున మెల్లగా ఎత్తుచు, పిండి జారిన కోణమును కొలువుడు. పిమ్మట గుడ్డకును పిండికిని నడుమ పంచదారను పలుచగా చల్లి, మరల అట్లే చేయుడు. రెండు కోణములను పోల్చి చూచినచో, పైకి కానరాని బలహీనపు పొర చేయు పని విద్యార్థులకు తేటపడును.