కప్ప పిండాభివృద్ధిలో జన్యువుల వ్యక్తీకరణ

ఒక జీవి దేహంలోని కణాలన్నింటిలోనూ దాదాపు ఒకే జన్యుసంపద ఉంటుంది. అయినా వరి ఆకులో తయారయ్యే బీటా కెరోటిన్ తెల్లని గింజలో తయారు కాదు. జన్యువు ఉండటం వేరు, అది తగిన సమయంలో, తగిన చోట వ్యక్తం కావడం వేరు. ఈ భేదాన్ని స్పష్టంగా చూపిన జీవులలో ఆఫ్రికా కప్ప జెనోపస్ లీవిస్ ముఖ్యమైనది.

దీని అండాలు సుమారు 1.2 మి.మీ. వ్యాసంతో, తల్లి దేహం వెలుపలే ఫలదీకరణ చెందుతాయి. అందువల్ల పిండాభివృద్ధిని గాజుపాత్రలోనే పరిశీలించవచ్చు. ఫలదీకరణ జరిగిన గంటన్నరకు మొదటి కణవిభజన, ఆపై సుమారు అరగంటకొకటి చొప్పున మరో 11 విభజనలు జరుగుతాయి. ఈ దశలో పిండం సొంత జన్యువులు చాలావరకు నిద్రాణంగా ఉంటాయి. మొలక తొలుత విత్తనంలోని నిల్వ ఆహారంపై ఆధారపడినట్లే, పిండం తల్లి అండంలో నిల్వ చేసిన ఆర్.ఎన్.ఎ., ప్రొటీన్లపై ఆధారపడుతుంది.

సుమారు 4,000 కణాలు ఏర్పడేసరికి పిండ జన్యువులు పెద్ద ఎత్తున పని ప్రారంభిస్తాయి. ఈ విభజనలలో కణద్రవ్యం పెరగదు, డి.ఎన్.ఎ. మాత్రం ప్రతిసారీ రెట్టింపవుతుంది. వీటి నిష్పత్తే ఈ సమయాన్ని నిర్ణయిస్తుందని 1982లో న్యూపోర్ట్, కిర్ష్నర్ చూపారు. అండంలోకి అదనపు డి.ఎన్.ఎ. ఎక్కించినప్పుడు ఆర్.ఎన్.ఎ. తయారీ ముందుగానే మొదలైంది.

సమయంతోపాటు స్థానమూ ముఖ్యమే. వెగ్‌టి అనే ఆర్.ఎన్.ఎ. అండం దిగువ భాగంలోనే ఉంటుంది. అది అందిన కణాలు అంతస్త్వచంగా రూపొందుతాయి. అవి పంపే సంకేతాలతో పొరుగు కణాలలో బ్రాకియురీ జన్యువు వ్యక్తమై, అవి మధ్యస్త్వచంగా మారతాయి. వీపువైపు చిన్న ప్రాంతంలో వ్యక్తమయ్యే కార్డిన్, నాగిన్ జన్యువుల ప్రొటీన్లు బి.ఎం.పి. సంకేతాలను అడ్డుకుంటాయి. అందువల్ల సమీప బహిస్త్వచం చర్మంగా కాక నాడీ కణజాలంగా మారుతుంది.

ఇలా ప్రత్యేకత పొందిన కణం మిగిలిన జన్యువులను కోల్పోతుందా? 1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణాల కేంద్రకాలను, సొంత కేంద్రకం నిర్వీర్యమైన అండాలలో ప్రవేశపెట్టారు. వాటిలో కొన్ని తోకకప్పలుగా ఎదిగాయి. అంటే జన్యువులు పోలేదు, వాటి వ్యక్తీకరణ మాత్రమే ఆగింది. ఈ కృషికి ఆయన 2012లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

పంటల అభివృద్ధికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. బంగారు వరి రూపకల్పనలో ఫైటోయిన్ సింథేజ్ జన్యువును గింజలోని అంకురచ్ఛదంలో పనిచేసే గ్లుటెలిన్ ప్రమోటర్‌తో జతపరిచారు. కనుక కొత్త లక్షణాన్ని ప్రవేశపెట్టే శాస్త్రజ్ఞులు జన్యువుతోపాటు, అది ఎప్పుడు, ఏ భాగంలో వ్యక్తం కావాలో కూడా ముందే నిర్ణయించుకోవలసి ఉంటుంది.