మృత్పాత్రయు, కర్తృనామమును

తెలుగుదేశమున కుండను చేయువాడు కుమ్మరి. ఈ మాట సంస్కృత కుంభకార శబ్దమునుండి ఏర్పడినదని నిరుక్తి చెప్పుదురు. వృత్తికి పేరు కలదు. వానికి పనిముట్టయిన సారెకు పేరు కలదు. కాల్చెడి ఆవమునకు పేరు కలదు. కాని కుండపై కుమ్మరి పేరు సాధారణముగ కానరాదు. శాసనములయందు వానిని చెక్కినవారి పేర్లును, తాళపత్రగ్రంథముల తుదిని లేఖకుల పేర్లును నిలిచియుండగా, కుండ మాత్రము అనామకముగనే ఇల్లు చేరి, అనామకముగనే పగిలిపోయెను. ఇరువదవ శతాబ్దమున భారతదేశమందు ఈ స్థితి కొంత మారినది. చిత్రకారుని వలెనే, శిల్పివలెనే సొంత పేరుతో వ్యవహరింపబడు మృత్కళాకారులు ఏర్పడిరి. వీరి కృతులకు మూలమైన ప్రేరణ లెట్టివి, ఆ ప్రేరణలకును పేరులేని పాత కుమ్మరికిని గల సంబంధ మేమి అనునవి విచారింపదగిన విషయములు.

వీరిలో ప్రథమగణ్యులు గురుచరణ్ సింగ్ గారు. కాశ్మీరమున పుట్టి, భూగర్భశాస్త్రము చదివిన వీరు 1919 ప్రాంతమున కుండల పరిశ్రమను శాస్త్రీయముగ నేర్చుటకై జపానునకు వెళ్లిరి. అచ్చట నేర్చిన యంత్రవిద్యకంటె అచ్చట లభించిన స్నేహములే వీరి జీవితమునకు దిక్కు చూపినవి. బెర్నార్డ్ లీచ్, తోమిమోతో కెంకిచి, హమదా షోజి, కవాయి కంజిరో అను కుంభకళావిదులును, యనాగి సోయెత్సు అను తాత్త్వికుడును వీరికి పరిచితులైరి. యనాగి సిద్ధాంతము ప్రసిద్ధము. నిత్యోపయోగమునకై, పేరుకై ఆశింపక, సామాన్యుడు చేసిన వస్తువునందే నిజమైన సౌందర్యము కలదని ఆయన మతము. 1936లో టోక్యోలో స్థాపింపబడిన జానపద హస్తకళల ప్రదర్శనశాల ఈ భావమునకు ఫలము.

1922లో స్వదేశమునకు తిరిగివచ్చిన సింగ్ గారికి ఆ సిద్ధాంతము ఢిల్లీలోనే మూర్తీభవించి కనిపించెను. పఠాను కుంభకారుల పరంపరకు చెందిన అబ్దుల్లా అనువారు నీలపు మెరుగుపూతగల పలకలను, పాత్రలను చేయు పాతవిద్యను అప్పటికిని నిలుపుకొనియుండిరి. హుమాయూను సమాధికి చేరువనున్న నీలా గుంబదు మొదలగు కట్టడములపై కనబడు నీలిమ ఈ జాతి విద్యకు సంబంధించినదే. తెలుగువారికిని ఇది అపరిచితము కాదు. హైదరాబాదులో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాదుషాహీ ఆషూర్ఖానా గోడలయందు మెరుగుపలకల రంగులు నేటికిని చూడవచ్చును.

ఈ నీలిమకు కారణము రసాయనము. రాగిభస్మమును క్షారప్రధానమైన మెరుగుపూతలో కలిపి కాల్చినచో నెమలికంఠపు ఛాయగల నీలము వచ్చును. అదే రాగిని సీసము కలిసిన పూతలో వాడినచో ఆకుపచ్చ వచ్చును. ఆవములో గాలిని తగ్గించి కాల్చినచో ఎరుపును రావచ్చును. కావున మనసునకు నచ్చిన రంగును కోరుట మాత్రము చాలదు. పూతపాళ్లను, మంటగుణమును ఎరిగినవాని చేతనే ఆ కోరిక ఫలించును. భూగర్భశాస్త్రము చదివినవారికి అబ్దుల్లా వంటివారి అనుభవము ఏల అవసరమైనదో దీనివలన తెలియగలదు. 1952లో సింగ్ గారు స్థాపించిన శాలకు ఢిల్లీ బ్లూ పాటరీ అని పేరు. అది వ్యక్తి పేరు కాదు, ఊరి పేరును రంగు పేరును కలిసిన పేరు. ఆయనకు 1991లో పద్మశ్రీ లభించెను. 1995లో ఆయన పరమపదించిరి. ఆయన పేరు చరిత్రలో నిలిచినది. అబ్దుల్లా గారి పేరు ఆయన కథలో ఒక వాక్యముగ మాత్రమే నిలిచినది.

దేవీప్రసాద్ గారి ప్రేరణ వేరొక మార్గమున వచ్చినది. 1921లో డెహరాడూనులో పుట్టిన వీరు శాంతినికేతనమున కళ నభ్యసించి, 1944లో గాంధీజీ సేవాగ్రామమునకు చేరి, నయీ తాలీమ్ విద్యాలయమున బాలలకు చిత్రకళ నేర్పిరి. చేతిపని విద్యకు అనుబంధము కాదు, విద్యయే చేతిపని ద్వారా నడువవలెనను గాంధీజీ మతము వీరికి సారెయొద్ద అనుభవమునకు వచ్చెను. 1962లో లండను చేరి, అంతర్జాతీయ యుద్ధవ్యతిరేక సంస్థకు ప్రధానకార్యదర్శిగ పదేండ్లు పనిచేసిరి. పిదప స్వదేశమునకు మరలివచ్చి, ఢిల్లీలో తిరిగి మట్టి పట్టిరి. 2011లో కాలధర్మము చెందిరి. గిన్నెయు కూజాయు చేయు చేయియు, యుద్ధమును నిరాకరించు చేయియు వీరియెడ ఒక్కటే. కళను జీవితమునుండి వేరుచేయరాదనునది వీరి నిశ్చయము.

జ్యోత్స్నా భట్ గారి ప్రేరణ ఇంటివాకిటిలోనిది. కచ్ఛదేశపు మాండ్విలో 1940లో పుట్టి, బరోడాలో శిల్పము చదివిన ఈమె అచ్చటి విశ్వవిద్యాలయముననే దీర్ఘకాలము మృత్కళాబోధన చేసి, 2020లో మరణించిరి. పిల్లులు, కప్పలు, తామరమొగ్గలు ఈమె చేతిలో రూపొందినవి. పిల్లి ముడుచుకొని పడుకొన్నప్పుడు ఏర్పడు గుండ్రని ఆకృతికిని, కుండ కడుపునకును గల పోలికను పట్టిన చూపు అది. మహాసిద్ధాంతము లేకున్నను ప్రేరణకు కొరత యుండదని ఈ కృతులు నిరూపించుచున్నవి.

ఈ మువ్వురి ప్రేరణలు మూడువిధములు: ఒకటి స్నేహమునుండి, ఒకటి ధర్మనిష్ఠనుండి, ఒకటి నిత్యపరిచయమునుండి పుట్టినవి. ఐనను మట్టిపనిలో వ్యక్తిప్రేరణ ఎన్నడును ఒంటరిగ నిలువదు. మన్ను నెంచుట, పిసుకుట, ఎండబెట్టుట, కాల్చుట అను ప్రతిదశయందును తరతరముల అనుభవము తోడు రావలెను. చిత్రకారుడు తప్పిన గీతను దిద్దుకొనవచ్చును. కాలిన కుండను కుమ్మరి దిద్దలేడు. అందుచేతనే పేరుగల కళాకారుడు పేరులేనివానికి ఋణపడియుండును. యనాగి అనామకుని కీర్తించెను. కీర్తించినవాని పేరు మాత్రము లోకమునకు తెలిసినది, కీర్తింపబడినవాని పేరు తెలియలేదు. ఇది సిద్ధాంతమునందలి లోపమని కొట్టివేయుటకంటె, చేయవలసిన పని మిగిలియున్నదని గ్రహించుట మేలు.

ఆ పనిలో తెలుగు పరిశోధకులకును భాగము కలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము 1962లో వ్యవసాయపదములతో వెలువడి, 1971లో చేనేతపదములకు విస్తరించినది. వృత్తుల మాటలను వృత్తిజీవుల నోటినుండియే సేకరింపవలెనను మార్గము దానివలన స్థిరపడెను. కుమ్మరి యింట మాట నడిగి వ్రాసికొనునపుడే, ఆ కుండ వంపును అతడు ఎవరి చేతినుండి నేర్చినాడో, ఏ మార్పు తనదని తలచుచున్నాడో కూడ అడిగి, అతని సమ్మతితో పేరు సహితముగ వ్రాయవచ్చును. ప్రేరణ విద్యాలయము చూచినవారి సొత్తు మాత్రమే కాదు. అడిగినవారు లేనందున, సారెయొద్ద కూర్చున్నవాడు చెప్పలేదు, అంతియే.