క్రుంగిన కారు – కుదురైన చక్రము

కారు నేలకెంత చేరువగా నున్న నంత సొగసని తలచువారు కలరు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున మెక్సికన్ సంతతి యువకులు రెండవ ప్రపంచ యుద్ధానంతరము కార్ల వెనుకపెట్టెలో ఇసుక బస్తాలు వేసియు, స్ప్రింగులు కోయించియు వానిని క్రుంగజేసి, వీథులలో మెల్లగా నడపెడివారు. కాలక్రమమున వానికి ‘లోరైడర్’ అను పేరు స్థిరపడినది. కారు దేహము చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె దిగువకు రారాదని కాలిఫోర్నియా చట్టము శాసింపగా, 1959లో రాన్ అగిర్రే తన కార్వెట్ కారుకు హైడ్రాలిక్ పంపుల నమర్చి, కోరినపుడు లేచునట్లును దిగునట్లును చేసెను. ఆ నిషేధమును 2023లో చేసిన చట్టము తొలగించినది.

చట్టము సడలినను రేఖాగణితము సడలదు. పైన పొట్టి చేయి, క్రింద పొడుగు చేయి పట్టియుండు ముందు చక్రమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. కారు దిగినంతనే ఆ చేతుల కొనలు వృత్తచాపములపై పైకి లేచును. చిన్న వ్యాసార్ధము గల పై చేయి ఎక్కువగా లోనికి లాగుటచే చక్రపు తల లోపలికి వాలును. ఈ వాలే క్యాంబర్. 600 మిల్లీమీటర్ల వ్యాసము గల చక్రము ఒక డిగ్రీ వాలినచో, అడుగుకంటె తల సుమారు 10 మిల్లీమీటర్లు లోనికి జరుగును.

అంతకంటె హానికరమైనది టో, అనగా పైనుండి చూచినపుడు చక్రము లోనికో వెలుపలికో తిరిగియుండుట. స్టీరింగు కడ్డీ వేరొక చాపమున కదలుటచే నిది కలుగును. ఆ చక్రమే వెనుక అంచుకంటె ముందు అంచున 3 మిల్లీమీటర్లు ప్రక్కకు తిరిగియున్నచో, కిలోమీటరు నడచునప్పటికి 5 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లగును. టైరు బయటి వైపు క్రొత్తదివలె కనబడుచుండగనే లోపలి అంచున దారములు తేలును. వానకు తడిసిన రోడ్డుపై బ్రేకు వేసిననాడు ఆ కనబడని అరుగుదల ప్రాణముమీదికి తెచ్చును.

కావున కారు దించినవారు అలైన్‌మెంటు చేయించి తీరవలెను. దానికొక క్రమము కలదు. క్రొత్త స్ప్రింగులు కుదురుకొనుటకు కొన్ని దినములు నడపవలెను. బుష్‌లు, బాల్ జాయింట్లు వదులుగా నున్నచో ముందుగా మార్పించవలెను. గాలి సరిచూచి, చదునైన నేలపై, నిత్యము మోయు బరువుతోనే కొలువవలెను. వెనుక చక్రముల పిదప ముందువి. అందును మొదట సైకిలు ఫోర్కు వాలును బోలిన క్యాస్టరు, తరువాత క్యాంబరు, కడపట టో. క్యాంబరు మార్చినచో టో చెడును గనుక నీ వరుస తప్పరాదు. కంపెనీ బోల్టులతో కోణము కుదరనిచో, సర్దుటకు వీలైన చేతులు వేయించక గత్యంతరము లేదు.

అంతతోనే పని ముగియదు. స్టీరింగు కడ్డీ వాలు సరిచేయనిచో, కారు గుంతలో పడిన ప్రతిసారియు చక్రము తనంత తాను తిరుగును. నిలిచిన కారునకు కుదిరిన కొలత కదలు కారునకును కుదిరినదా యని చక్రమును ఎత్తి, దించి, ప్రతి ఎత్తునను టో కొలుచు మెకానిక్కే ఈ విద్య నెరిగినవాడు.