కాంప్లిమెంట్‌కు బ్రేకు పడనప్పుడు

బడికెళ్లే వయసు పిల్లాడు. నాలుగు రోజుల్లోనే మొహం పాలిపోయింది, మూత్రం తగ్గింది, బీపీ పెరిగింది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి, క్రియాటినిన్ పెరిగింది. రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాలు ముక్కలై, కొన్ని హెల్మెట్ ఆకారంలో కనిపిస్తాయి. ఇది ఎటిపికల్ హెచ్‌యూఎస్ (ఎర్రకణాలు చితికి, కిడ్నీలు దెబ్బతినే జబ్బు) అయితే, మన దేశపు పిల్లల్లో దాదాపు సగం మందికి కారణం ఒక యాంటీబాడీ. అది కిడ్నీ జోలికే వెళ్లదు.

కాంప్లిమెంట్ (సూక్ష్మజీవులను చంపే రక్తంలోని ప్రోటీన్ల దళం) ఎప్పుడూ పూర్తిగా నిద్రపోదు. అందులోని సీ3 కొద్దికొద్దిగా తనంతట తానే చురుకై, దొరికిన కణానికల్లా అతుక్కుంటుంది. అది మన కణమా, క్రిమా అన్న తేడా దానికి తెలియదు. ఆ తేడా తెలిసింది ఫ్యాక్టర్ హెచ్ అనే మరో ప్రోటీన్‌కు. మన కణాల మీద వాలి అది బ్రేకు వేస్తుంది. ఈ ప్రోటీన్‌లో వరసగా 20 భాగాలుంటాయి. మన కణాన్ని గుర్తుపట్టేది ముఖ్యంగా చివరి రెండూ. ఈ జబ్బులో యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా అక్కడే.

దాంతో బ్రేకు పడక, రక్తనాళాల లోపలి పొర మీద కాంప్లిమెంట్ దాడి మొదలవుతుంది. సన్నని నాళాల్లో గడ్డలు కడతాయి. వాటికే ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. ఆ ఇరుకులో దూరే ఎర్రకణాలు చిరిగిపోతాయి. కిడ్నీ వడపోత గుచ్ఛాలు మూసుకుపోతాయి. మూడు లక్షణాలూ కలిసి రావడానికి కారణం ఇదే.

ఈ పిల్లల్లో చాలామందికి సీఎఫ్‌హెచ్‌ఆర్1 అనే జన్యువు రెండు ప్రతులూ ఉండవు. అయితే అది లేని ఆరోగ్యవంతులూ ఉన్నారు కాబట్టి, నేరమంతా జన్యువు మీద తోసేయలేం.

దోషి ప్లాస్మాలో ఉంది కనుక ప్లాస్మా మార్పిడి చేస్తారు. 20 కిలోల పిల్లాడికి ఒక్కోసారి లీటరుకు పైనే మార్చాలి, మొదట్లో రోజూ. అంత చిన్న ఒంట్లో లావుపాటి క్యాథటర్ పెట్టడమే పెద్ద పని. కొత్త యాంటీబాడీలు పుట్టకుండా స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులిస్తారు. ప్లాస్మా మార్పిడి, ఈ మందులు రెండూ కలిపి త్వరగా మొదలుపెడితే ఫలితం మెరుగని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల బృందం 2014లో ప్రచురించింది. కాంప్లిమెంట్‌ను నేరుగా అడ్డుకునే ఎకులిజుమాబ్ ఉంది గానీ, దాని ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు.

యాంటీబాడీ పరీక్షకు రక్తం మాత్రం ప్లాస్మా మార్చకముందే తీయాలి. తర్వాత తీస్తే లెక్క తగ్గి కనిపిస్తుంది. కోలుకున్నాకా ఆ లెక్క చూస్తూనే ఉంటారు, అది మళ్లీ పెరిగితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి.