పాత అమెరికా జేబుకత్తులు: అపోహలు – వాస్తవములు

అరచేతిలో ఇమిడిపోవు చిన్న మడతకత్తిని పురావస్తువుగ భావించి, దానికై సంతలు గాలించి, వేలంపాటలలో పోటీపడి, గాజుబీరువాలో భద్రపరచుకొనువారు అమెరికా సంయుక్తరాష్ట్రములలో పెక్కుమంది గలరు. ఒకనాడు రైతు జేబులోను, పశులకాపరి మొలలోను, బడికి పోవు బాలుని చొక్కాలోను నుండిన ఈ సామాన్యమైన పనిముట్టు నేడు వేడుకవస్తువైనది. వస్తువునకు వెల పెరిగినకొలది దాని చుట్టును కథలు పెరుగుట లోకస్వభావము గనుక, ఈ కత్తులను గూర్చియు, వీనిని చేసిన తొలితరపు అమెరికా సంస్థలలో నొకటియైన జాన్ రస్సెల్ కర్మాగారమును గూర్చియు, సేకర్తల నోట చిలువలు పలువలుగ నల్లుకొనిన మాటలు చాల గలవు. వానిలో ముఖ్యమైనవానిని గ్రహించి, వాని సరసన యథార్థమును నిలిపి చూపుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగ పూర్వకథ కొంత తెలియవలెను. జాన్ రస్సెల్ మసాచుసెట్స్ రాష్ట్రమందలి గ్రీన్‌ఫీల్డ్ పట్టణమున, గ్రీన్ రివర్ అను చిన్న యేటి చెంత, 1834లో కర్మాగారమును నెలకొల్పెను. అంతవరకు అమెరికావారికి మేలైన కత్తి కావలెనన్న ఇంగ్లండు నందలి షెఫీల్డు నగరమే దిక్కు. రస్సెల్ షెఫీల్డు పనివాండ్రను అధికవేతనములతో రప్పించుకొనుటయే గాక, చేతిసమ్మెటతో సాగు పనిని యంత్రపు సమ్మెటల కప్పగించి, ఒకే కొలతకు అలుగులు రాశులుగ దిగునట్లు చేసెను. 1870 ప్రాంతమున సంస్థ టర్నర్స్ ఫాల్స్ అను ఊరికి తరలెను. 1875లో అచ్చట బార్లో జేబుకత్తుల తయారీ ఆరంభమయ్యెను. 1933లో ఈ సంస్థ హారింగ్టన్ అను మరియొక పాత కత్తుల సంస్థతో విలీనమయ్యెను.

అపోహ 1: బార్లో కత్తి అమెరికావారి సృష్టి, దానికి రస్సెలే జనకుడు.

వాస్తవము: బార్లో కత్తి పుట్టినిల్లు షెఫీల్డు. 17వ శతాబ్దమున అచ్చటి బార్లో ఇంటిపేరు గల కత్తుల పనివారి వలన దానికా పేరు కలిగెనని చెప్పుదురు. పిడిలో మూడవవంతు వరకు పొడవుగ తొడిగిన ఇనుపకట్టు, వెనుక ఒకే స్ప్రింగు, ఒక కొననుండియే తెరచుకొను ఒకటి లేక రెండు అలుగులు, ఇవియే దాని లక్షణములు. అలుగు తిరుగు కీలునకు బలమిచ్చుటకే ఆ పొడవైన కట్టు ఏర్పడినది గాని అలంకారమునకు గాదు. అమెరికాలో జేబుకత్తులు చేసినవారిలో సైతము రస్సెల్ మొదటివాడు కాడు. కనెక్టికట్ రాష్ట్రమందలి లేక్‌విల్‌లో హాలీ కుటుంబమువారు 1844లోనే ఆ పనికి పూనుకొనిరి; 1852లో న్యూయార్క్ నైఫ్ కంపెనీ వెలసెను. అయినను రస్సెల్ సంస్థకు దక్కవలసిన కీర్తి వేరొకటి కలదు: పేదవాని బిడ్డ సైతము కొనదగిన వెలకు గట్టి కత్తి నందించి, ఆ విదేశీ రూపమును అమెరికా పల్లెలకు సొంతము చేసినది ఆ సంస్థయే.

అపోహ 2: కత్తిపై ‘గ్రీన్ రివర్’ ముద్ర యున్నచో అది పడమటి కొండలలోని గ్రీన్ నదీతీరమున చేయబడినది, లేదా అచ్చటి వేటగాండ్రు వాడినది.

వాస్తవము: వయోమింగు ప్రాంతమున ప్రవహించు గ్రీన్ నది వేరు, గ్రీన్‌ఫీల్డ్ నొరసి పారు యేరు వేరు. ఈ రెంటికిని నడుమ దాదాపు ఖండమంత దూరము కలదు. ఉన్నితోళ్ళ వేటగాండ్రు 1825 మొదలు 1840 వరకు ఏటేట వేసవిలో కూడి సరకులు మార్చుకొను జాతరలు పలుమారులు వయోమింగు నదీతీరముననే జరిగిన హేతువుచే, పేరు కలిసివచ్చి కథ బలపడినది. ఆ జాతరలు మొదలైన తొమ్మిదేండ్లకు గాని రస్సెల్ కర్మాగారమే పుట్టలేదను సంగతి నెరిగినచో, తొలినాటి వేటగాని మొలలో ఈ ముద్రగల కత్తి యుండుట పొసగదని తేటపడును. తరువాతికాలమున ఈ కత్తులు పడమటికి విస్తారముగ పోయిన మాట నిజమే. కాని యవి యెక్కువగ తోలు వలుచుటకును, మాంసము కోయుటకును పనికివచ్చు మడవని కత్తులు.

అపోహ 3: మార్క్ ట్వెయిన్ నవలలో టామ్ సాయర్‌కు లభించిన బార్లో కత్తి రస్సెల్‌వారిదే.

వాస్తవము: ఆ నవల 1876లో వెలువడినది గనుక, రస్సెల్‌వారి బార్లో అంతకు ఒక యేడు ముందే అంగళ్ళ కెక్కినది గనుక, ఈ ముడి సులభముగ పడినది. అయితే ఆ కథ జరిగిన కాలము తనకు ముప్పది నలువది యేండ్ల వెనుకటిదని రచయితయే పీఠికలో చెప్పియున్నాడు. ఆ లెక్కన టామ్ చేతికి వచ్చిన పన్నెండున్నర సెంట్ల కత్తి రస్సెల్‌వారి బార్లో కాజాలదు. సముద్రముదాటి వచ్చిన షెఫీల్డు సరకు కావచ్చుననుట న్యాయము. ఇంత నాసి కత్తికి గూడ నకిలీ యుండునని భయపడిన బాలురను జూచి ట్వెయిన్ ఆ ఘట్టముననే పరిహసించెను. ఆ బాలుర భయమే నేటి సేకర్తలకు నిత్యసమస్య యైనది.

అపోహ 4: ముద్ర యుండిన చాలును, కత్తి అసలైనదే.

వాస్తవము: ఇనుపకట్టుపై ‘ఆర్’ అను అక్షరమును బాణము చీల్చుకొనిపోవుచున్నట్లుండు గుర్తు రస్సెల్ బార్లోకు ప్రసిద్ధచిహ్నము. చిహ్నము ప్రసిద్ధమైనకొలది దానిని కల్పించువారును పెరిగిరి. 1970ల దశకమున స్మారకముగ చేసిన కొత్త బార్లోలు కూడ కలవు. అవి నకిలీలు కావు, అట్లని పురాతనములును కావు. కావున సేకర్త ముద్రను చూచి ఆగక కత్తి నంతటిని చదువవలెను. అలుగును తెరచి దాని మొదట గల అక్షరముల నంచులను చూడుడు: ఏండ్ల తరబడి వాడిన కత్తిలో అక్షరపు టంచులు మొద్దుబారి, లోపలి గుంటలలో నల్లని మకిలి పేరుకొనియుండును, చుట్టును మాసిన లోహము నడుమ అక్షరములు మాత్రము కొత్తగ మెరయుచున్నచో అనుమానింపవలెను. పాత ముద్రను ఆకురాయితో చెరిపి క్రొత్తది కొట్టిన యెడల అలుగు మొదలు పలుచనై, కట్టునకును దానికిని నడుమ సందు కనబడును. ఎముకరేకులను బిగించిన చీలల తలలు మెరయుచున్నచో పిడి విప్పబడినదని గుర్తు. అలుగు, స్ప్రింగు, పిడి, చీలలు అన్నియు సమానముగ అరిగి, ఒకే వయస్సును చెప్పవలెను. వానిలో నొకటి తక్కిన వానికి విరుద్ధముగ పలికినచో ముద్ర సాక్ష్యము చెల్లదు.

అపోహ 5: తుప్పును, మరకలను గీకి తళతళలాడునట్లు తోమినచో వెల పెరుగును.

వాస్తవము: రాగినాణెమును చింతపండుతో తోమినట్లు పాతకత్తిని తోముట దాని వెలను తోమిపారవేయుటయే. అలుగుపై కాలక్రమమున ఏర్పడిన నీలిబూడిదవన్నె పొర ఉక్కునకు హాని చేయదు; పైగా అది కత్తి వయస్సునకు నిదర్శనము. ఎర్రగ పొడిపొడిగ రాలు తుప్పు మాత్రమే శత్రువు. దానికి నూనె రాచి మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. యంత్రపు చక్రముపై పెట్టినచో ముద్రలోని అక్షరములు కరగును, అలుగు ఆకృతి మారును. అట్లే సానరాతిపై అరగి సన్నబడిన అలుగు గల కత్తి యెంత పాతదైనను, పూర్తి వెడల్పు మిగిలిన అలుగు గల కత్తికి సాటిరాదు.

అపోహ 6: గరుకు పిడి అంతయు జింకకొమ్ము, తెల్లని పిడి అంతయు దంతము.

వాస్తవము: సాధారణపు బార్లోల పిడి పశువుల కాలియెముక. దానిని రంపముతో కోసి, కొన్నింటిపై గాట్లు చెక్కి, రంగు అద్దెడివారు. ఆ గాట్ల వలననే కొమ్మని భ్రాంతి కలుగును. నిజమైన కొమ్ముపిడి ప్రసక్తి వచ్చినపుడు తెలుగువారు చెవియొగ్గదగిన విషయ మొకటి కలదు. షెఫీల్డునకును అమెరికాకును పోయిన కొమ్ములో పేరెన్నికగన్నది భారతదేశపు కణుజుకొమ్ము. మన నల్లమల అడవులలో తిరుగు కణుజు జాతిదే ఆ కొమ్ము. ఏటేట రాలిపోవు దానిని ఏరి ఎగుమతి చేసెడివారు. అనంతరము మన ప్రభుత్వము ఆ వ్యాపారమును నిషేధించినది. ఇక దంతమని చెప్పబడు పిడులలో పెక్కు సెల్యులాయిడ్‌తో చేసినవి. ఇది కాలము గడచిన పిదప తనలో తానే చివికి, ఆమ్లపు ఆవిరులను వెడలించి, తన అలుగునే గాక ప్రక్కనున్న కత్తులను సైతము తుప్పు పట్టించును. కావున సెల్యులాయిడ్ కత్తులను మూతపెట్టెలో తక్కినవానితో గలిపి దాచరాదు.

అపోహ 7: పాతదైన ప్రతి కత్తియు అమూల్యమే, నాటి ఉక్కు నేడు లేదు.

వాస్తవము: యంత్రములపై రాశులుగ చేసిన వస్తువునకు వయస్సొక్కటే వెలను తేజాలదు, స్థితి, అరుదుదనము, కోరువారి సంఖ్య, ఈ మూడును కలసిరావలెను. నాటి ఉక్కు కార్బను ఉక్కు. అది సులభముగ పదునెక్కును, అంతే సులభముగ తుప్పుపట్టును. దాని గుణము ఉక్కు పాతదనమున గాక, కాచి చల్లార్చి పదును పెట్టిన పనివాని నేర్పున నుండెడిది. వయస్సు నిర్ణయమునకు గూడ ఊహలకంటె ఆధారములే మేలు. తుప్పుపట్టని ఉక్కును హారీ బ్రియర్లీ షెఫీల్డులో రూపొందించినది 1913లో. కావున ‘స్టెయిన్‌లెస్’ అను ముద్రగల కత్తిని 19వ శతాబ్దపుదని అమ్మజూపువాని మాట చెల్లదు. విదేశపు సరకుపై ఉత్పత్తిదేశపు పేరు ముద్రింపవలెనని అమెరికా 1890 నాటి మెకిన్లీ సుంకపు చట్టముతో విధించినది. కావున అమెరికాలో దొరకు కత్తిపై ‘ఇంగ్లండ్’ అనియో ‘జర్మనీ’ అనియో యున్నచో అది సాధారణముగ ఆ చట్టము తరువాతిదే.

ఇట్టి కత్తిని కొనదలచిన చదువరులకు చెప్పవలసినది ఒక్కటే. అమ్మువాడు చెప్పు కథకు వెల కట్టకుడు. పగటివెలుగున భూతద్దము పట్టి, అలుగును తెరచి మూసి, చీలను, కట్టును, ముద్రను వరుసగ పరీక్షించి, సందేహము తీరని కత్తిని అమ్మకపువాని బల్లపైననే విడిచి రండు.